కారు లేకుండా బెలుం గుహలు, గండికోట: అమ్మతో మూడు రోజులు బస్సుల్లో

మా అమ్మ పెండ్లయి అనంతపురం వచ్చి 38 ఏండ్లయింది, ఇంతవరకు గండికోట చూడలేదు. ఎందుకు పోలేదమ్మా అంటే "అది కార్లుండేవాళ్ళు పోయే చోటు లే" అంటుంది. ఆ మాట నాకు చానా రోజులు మనసులో అట్లే ఉండిపోయింది. మాకు కారు లేదు, ట్యాక్సీ మాట్లాడితే మూడు రోజులకు ఎంతవుతుందో అడిగి ఫోన్ పెట్టేసినా. సరే బస్సులోనే పోదాం అనుకుని పోయిన నవంబరులో ఇద్దరమూ బయలుదేరినాము. మాలాగా బస్సు మీదనే పోవాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని అంతా రాస్తున్నా.

ముందు ఒక మాట. ఆన్‌లైన్‌లో వెతికితే ఎక్కువగా దూరం పోయే లగ్జరీ బస్సులే కనిపిస్తాయి, మనకు కావాల్సిన పల్లెవెలుగులు కనపడవు. అందుకని నేను అనంతపురం నుంచి గండికోటకు బస్సు ఉందా అని వెతకడం మానేసినా. పెద్ద ఊరి నుంచి పెద్ద ఊరికి పోవాలి, అక్కడ దిగి తర్వాతి బస్సు అడగాలి. ఈ రూట్లో అట్లాంటి ఊర్లు తాడిపత్రి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు. ఈ మూడూ గుర్తుంటే చాలు.

పొద్దున 6 గంటలకు తాడిపత్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కినాము. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా, అమ్మ అప్పటికి ఒక్కసారి కూడా అట్లా పోలేదు. ఆధార్ కార్డు పర్సులోంచి తీసి చేతిలో పట్టుకుని కూర్చుంది, బుక్కరాయసముద్రం చెరువు దాటేదాకా అట్లే పట్టుకుంది. కండక్టరన్న వచ్చి కార్డు ఒకసారి చూసి, మిషన్ నొక్కి సున్నా టికెట్ చింపి చేతిలో పెట్టినాడు. "ఇంతేనా నాయనా?" అనింది అమ్మ. "ఇంతేమ్మా, దిగేదాకా పారేయొద్దు, చెకింగ్ వస్తే చూపియ్యాల" అన్నాడు. ఆ చీటీ మడిచి ఆధార్ కవర్లోనే పెట్టుకుంది. ఏ కార్డైనా ఒరిజినల్ తీసుకుపోండి, ఫోన్లో ఫోటో చూపిస్తే కొందరు ఒప్పుకుంటారు కొందరు ఒప్పుకోరు, బస్సులో వాదన ఎందుకు. సూపర్ లగ్జరీ, అల్ట్రా డీలక్స్‌లకు ఈ ఫ్రీ లేదు, ఎక్కే ముందు బస్సు మీద ఏం రాసిందో చూసుకోవాలి. మగవాళ్ళకైతే 60 దాటినవాళ్ళకు టికెట్‌లో 25 శాతం తగ్గింపు ఉంది, వయసు ప్రూఫ్ ఉండాల.

తాడిపత్రిలో ఉగ్గాని బజ్జీ తిని, కొలిమిగుండ్ల మీదుగా బనగానపల్లె పోయే బస్సు కోసం నిలబడినాము. ఇక్కడ నేను నేర్చుకున్నది ఏందంటే బస్సు ముందర ఉండే పెద్ద బోర్డు చూసి ఆగిపోకూడదు, వయా అని చిన్న అక్షరాలతో రాసేది చదవాలి. ఊరి పేరు ఒకటే, దారులు రెండు మూడు ఉంటాయి. ఇంకొకటి, పక్కన నిలబడినవాళ్ళని అడిగితే పాపం ప్రేమగా తప్పు చెప్తారు, ఎంక్వైరీ కిటికీలో ఉండే కంట్రోలర్‌నే అడగాలి, బస్సు ఎప్పుడుంది అని మాత్రమే కాదు, తిరిగి వచ్చే ఆఖరి బస్సు ఎన్ని గంటలకు అని కూడా. నేను ఊరు మారినప్పుడల్లా ఈ రెండో ప్రశ్న అడిగినా.

తాడిపత్రి నుంచి బెలుం 30 కిలోమీటర్లు ఉంటుంది. దారంతా నాపరాయి గనులు, పలకలు పేర్చిన గుట్టలు, రాయి కోసే మిషన్ల నుంచి తెల్లటి నీళ్ళు రోడ్డు పక్కన కారుతుంటాయి. గుహల దగ్గర దించమని ఎక్కేటప్పుడే కండక్టర్‌కు చెప్పి పెట్టుకోండి. గుహ పొడవు 3 కిలోమీటర్ల పైనే (3,229 మీటర్లు), మనల్ని సుమారు కిలోమీటరున్నర వరకే పోనిస్తారు. లోపల చల్లగా ఉంటుందనుకున్నాము గానీ ఉక్క, పైపుల్లోంచి గాలి పంపిస్తున్నా చెమట కారిపోతుంది. అమ్మకు మోకాళ్ళ నొప్పి, గుహలో అన్నిటికంటే లోతుగా ఉండే పాతాళగంగకు దిగే మెట్ల దగ్గర "నువ్వు పోయిరా" అని రాయి మీద కూర్చుండిపోయింది. పెద్దవాళ్ళని తీసుకుపోతే సగం వరకు చూపించినా చాలు, బలవంతం చేయొద్దు. నీళ్ళ బాటిల్ మాత్రం మర్చిపోవద్దు.

మధ్యాహ్నం తాడిపత్రి వెనక్కి వచ్చి ప్రొద్దుటూరు బస్సు ఎక్కినాము, అది కొండాపురం, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగులో దించుతుంది. ఫ్రీ వచ్చినాక రద్దీ బాగా పెరిగింది, ముద్దనూరు దాకా నేను నిలబడే వచ్చినా. అమ్మకు ఒక కాలేజీ పాప లేచి సీటిచ్చింది.

గండికోటలో టూరిజం వాళ్ళ హరిత హోటల్ ఉంది, కోట దగ్గరే, మాకు రూము దొరకలేదు, శని ఆదివారాలైతే చానా ముందే బుక్ చేసుకోవాల. మేము జమ్మలమడుగులో ఒక లాడ్జిలో దిగినాము. గీజర్ ఉందని చెప్పి డబ్బులు తీసుకున్నారు, పొద్దున నీళ్ళు చల్లగానే వచ్చినాయి, అడిగితే "కరెంటు లేదు మేడం" అన్నారు, ఫ్యాన్ మాత్రం తిరుగుతా ఉంది. డబ్బులు ఇచ్చే ముందు కుళాయి తిప్పి చూసుకోండి. అయినా బస్టాండుకు నడిచి పోయేంత దగ్గర కాబట్టి మళ్ళీ పోయినా ఆ ఏరియాలోనే ఉంటా.

జమ్మలమడుగు నుంచి గండికోట 15 కిలోమీటర్లు. ఈ చివరి ముక్కే మొత్తం ప్రయాణంలో కష్టమైంది. బస్సులు తక్కువ, సూర్యోదయానికి అందేది ఒక్కటీ లేదు. ముందు రోజు రాత్రే ఆటో మాట్లాడుకున్నా, పోను రాను, మూడు గంటలు వెయిటింగ్, 800 రూపాయలు. మూడు రోజుల్లో మాకు పెద్ద ఖర్చు ఇదే. ఇంతమంది టూరిస్టులు వచ్చే చోటుకు పొద్దున ఒక బస్సు, చీకటి పడేముందు ఒక బస్సు వేస్తే అమ్మలాంటి వాళ్ళు ఎంతమంది వస్తారో, నాకు నిజంగా బాధ అనిపించింది.

ఆటో కోట గుమ్మంలోంచి లోపలికే పోతుంది. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ నడిచి చూసినాము. మసీదు దాటి బండల మీద కొంచెం నడిస్తే లోయ. కింద పెన్నమ్మ, రెండు పక్కలా ఎవరో పేర్చినట్టు ఎర్రటి బండలు. అంచుకు కంచె లేదు, పిల్లలుంటే చెయ్యి వదలొద్దు. అమ్మ అంచుకు దూరంగా ఒక బండ మీద చెప్పులు విడిచి కూర్చుంది, పైట కొంగు తలమీద కప్పుకుని, అరగంట ఏం మాట్లాడలేదు. కొండను ఇట్లా చీల్చుకుని పోయిందా ఈ నీళ్ళు, అని మాత్రం అనింది.

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు, అక్కడి నుంచి కడప, ఈ రెండూ సులభం, ఒక బస్సు పోతే ఇంకొకటి. రాత్రి కడపలో కారం దోశ తిని పడుకున్నాము, పొద్దున ఆటోలో దేవుని కడప పోయి దర్శనం చేసుకున్నాము.

తిరుగు ప్రయాణం అమ్మ నడుము కోసం రైలు పెట్టుకున్నా. కడప నుంచి ఎర్రగుంట్ల, ముద్దనూరు, తాడిపత్రి మీదుగా గుత్తి దాకా జనరల్ టికెట్, కిటికీ సీటు దొరికింది. అనంతపురం లైను వేరే, గుత్తిలో మారాల్సిందే. బెంగళూరు వైపు రైలుకు చానా టైముంది, అందుకని ఆటోలో గుత్తి బస్టాండుకు వచ్చేసినాము. నేను ఆటో అతనికి చిల్లర ఇస్తా ఉంటే అమ్మ బ్యాగు తీసుకుని ముందుకు పోయింది. నేను వెనకాల పోయి చూస్తే ఎంక్వైరీ కిటికీ దగ్గర నిలబడి "అనంతపురం బస్సు యాడ నిలబడుతుందప్పా? ఎక్స్‌ప్రెస్సేనా, లగ్జరీనా?" అని అడుగుతా ఉంది.

ఎక్స్‌ప్రెస్సే. ఆధార్ అప్పటికే చేతిలో ఉంది.