పిండి ముద్దా, పియానో మెట్లా?

మా పాపకి ఆరేళ్లు. చిటికెన వేలితో పియానో మెట్టు (కీ) నొక్కితే చివరి కణుపు లోపలికి వంగిపోయేది. వేళ్లకి బలం రావడానికి పియానో మీద రోజూ డో నుంచి సో దాకా (మన స నుంచి ప దాకా లాగే) ఐదు వేళ్ల కసరత్తు చేయించాలా, లేక చపాతీ పిండి చేతికివ్వాలా అని రెండూ చేసి చూశాను. అసలు వేళ్లని కదిపే కండరాలు వేళ్లలో ఉండవు, అరచేతిలో, ముంజేతిలో ఉంటాయి, అందుకే పిండి పిసికినా, బట్టల క్లిప్పులు నొక్కినా బలం వస్తుంది, పైగా అది ఆటలా ఉంటుంది (వంటిల్లంతా పిండే అనుకోండి). కాకపోతే ఏ వేలు ఎప్పుడు లేవాలో పిండి నేర్పదు. అది మెట్ల మీదే రావాలి, నెమ్మదిగా, ఓ 5 నిమిషాలు. అంతకు మించితే మా పాప భుజాలు బిగబట్టేసేది. ఈ వయసుకి నా ఓటు పిండికే.