బ్యాగు పట్టీకి కెమెరా క్లిప్: నల్లమల నడకల్లో కొన్నేళ్లు వాడాక

ఈ క్లిప్ లేకపోతే నా దగ్గరున్న నల్లమల ఫోటోల్లో సగానికి పైగా ఉండేవే కావు. కింద దీని మీద కొన్ని ఫిర్యాదులు కూడా రాస్తాను కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆ ఫిర్యాదులు చదివి ఇది పనికిరాని వస్తువని ఎవరూ అనుకోకూడదు.

వస్తువేమిటో ట్రెక్కింగ్ చేసేవాళ్లందరికీ తెలుసు. బ్యాగు భుజం పట్టీని రెండు అల్యూమినియం ముక్కల మధ్య పెట్టి స్క్రూలతో బిగిస్తాం. కెమెరా అడుగున బిగించిన చిన్న ప్లేటు పైనుంచి జారి అందులో టక్కున కూర్చుంటుంది. పక్కనున్న బటన్ నొక్కి లాగితే కెమెరా చేతిలోకి వస్తుంది. వీటిలో బాగా పేరున్న కంపెనీది ఒకటుంది. నాది అది కాదు, అదే పద్ధతిలో తక్కువ ధరకు దొరికేది. కాబట్టి ఇక్కడ రాసేదంతా నా చేతిలో ఉన్న ముక్క గురించే.

దీని విలువ తెలియాలంటే నేను నడిచే దారి గురించి కొంచెం చెప్పాలి. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం దాటగానే అడవి మొదలవుతుంది. నాగలూటి, దామర్లకుంట, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరే పాత కాలిబాట అది. జిల్లాలు విడిపోయి 2022 నుంచి ఆత్మకూరు, శ్రీశైలం నంద్యాల జిల్లాలోకి వెళ్లినా, మా కర్నూలు వాళ్లకు అది ఇప్పటికీ మా అడవే. దారంతా నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఉంది. అందుకే శివరాత్రికి, ఉగాదికి తప్ప మామూలు రోజుల్లో భక్తులను ఆ దారిలో నడవనివ్వరు. భీముని కొలను మెట్ల మీద ఈసారి ఒక ఫోటో తప్పిపోయిందంటే మళ్లీ పండగ దాకా ఆగాల్సిందే.

ఉగాదికి ఆ దారిలో నడిచేవాళ్లలో ఎక్కువమంది కన్నడిగులు. భ్రమరాంబ వాళ్లింటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. పుట్టింటి నుంచి బిడ్డకు సారె తీసుకెళ్తున్నట్టే వస్తారు. నెత్తిన మూటలు, చేతుల్లో నందికోళ్లు అనే పొడవాటి అలంకరించిన కర్రలు, కొందరు కర్రకాళ్ల మీద. ఇంతమంది ఒకరి వెనక ఒకరు కదులుతుంటే ఎవరినీ ఆపి ఫోటో తీయలేం, మనమూ మధ్యలో ఆగలేం. బ్యాగు దించి, జిప్పు తీసి, గుడ్డలో చుట్టిన కెమెరా బయటికి తీసేలోపు మనం చూసిన మనిషి వంపు తిరిగిపోతాడు. మెడలో వేసుకుంటే రాళ్ల మీద దిగేటప్పుడు కెమెరా ఊగి పొట్టకు కొట్టుకుంటుంది, మధ్యాహ్నానికి మెడ పట్టేస్తుంది. క్లిప్‌లో ఉంటే ఊగదు. కుడిచెయ్యి వేస్తే అక్కడే ఉంటుంది. కళ్లతో చూడటానికీ ఫోటో తీయడానికీ మధ్య ఎడం దాదాపు ఉండదు. ఈ ఒక్క సుఖం కోసమే దీన్ని ఇన్నాళ్లుగా వదల్లేదు.

ఒక్క ఫోటో సంగతి చెప్తాను. నాగలూటి దాటాక ఎండిన వాగొకటి అడ్డం వచ్చింది. కర్రకాళ్ల మీద నడిచే కుర్రాడు ఒకడు దాని ఒడ్డున ఆగి, కర్ర కొసతో కింద రాయి కదులుతుందో లేదో తట్టి చూస్తున్నాడు. పాదం పెట్టుకునే మేకు చుట్టూ పాత చీర పేలికలు చుట్టి ఉన్నాయి. బొటనవేలు, పక్కవేలు ఆ పేలికను గట్టిగా పట్టుకుని తెల్లబడ్డాయి. ఆ వేళ్లే నాకు కావాల్సిన ఫోటో. రాయి కదలదని తేలగానే మూడంగల్లో వాగు దాటిపోయాడు. నాకు దక్కింది రెండు ఫ్రేములు, వాటిలో ఒకటి కుదిరింది. కెమెరా బ్యాగులో ఉండుంటే ఆ ఒక్కటీ దక్కేది కాదు.

కొన్న కొత్తలో స్నేహితులందరికీ 'బరువే తెలియదు' అని చెప్పాను. ఆ మాటకు ఇప్పుడు కొంత చేర్చాలి. చిన్న మిర్రర్‌లెస్ కెమెరాకు (లోపల అద్దం లేని తేలిక రకం) 35 ఎంఎం లెన్స్ తగిలించుకుంటే నిజంగానే తెలియదు. జూమ్ లెన్స్ వేసి అహోబిలంలో ఉగ్రస్తంభం ఎక్కిన రోజు మాత్రం ఎడమ భుజం సాయంత్రానికి లాగేసింది. బరువంతా ఒకే పట్టీ మీద పడటం వల్ల బ్యాగు కూడా ఆ పక్కకే ఒరుగుతుంది. చెస్ట్ బెల్ట్ బిగిస్తే కొంత సర్దుకుంటుంది. శ్రీశైలం దారిలో జూమ్ పెద్దగా అక్కరకు రాదు కూడా. అంత జనసందోహంలో కొండముచ్చులు తప్ప ఇంకే జంతువూ దగ్గరికి రాదు. ఇప్పుడు దాన్ని ఇంట్లోనే పెట్టి వెళ్తున్నాను.

ఎక్కడ బిగించాలో తేల్చుకోవడానికీ కొంతకాలం పట్టింది. కిందికి పెడితే మెట్లెక్కేటప్పుడు తొడ లెన్స్‌కు తగులుతుంది. మరీ పైకి పెడితే చెయ్యి ఆడదు. భుజం ఎముకకు నాలుగు వేళ్ల కింద నాకు కుదిరింది. నిటారుగా దిగే చోట మాత్రం ఎక్కడ పెట్టినా ఎడమ పాదం కనిపించనివ్వదు. అలాంటి చోట కెమెరా తీసి చేత్తో పట్టుకోవడమే మంచిది.

ఇక బటన్ సంగతి. నా కోపమంతా దాని మీదే.

ఒక ఏడాది ఉగాది నడకకు ఎండలు ముందే ముదిరాయి. ఆకు రాలిన టేకు చెట్లు నీడ ఇవ్వడం మానేశాయి. వేల పాదాలు నలిపిన మట్టి పిండిలా లేచి కనురెప్పల మీద కూడా కూర్చుంటోంది. పెచ్చెరువులో పడుకుని తెల్లవారుజామునే బయల్దేరి, కాస్త ఎండ పడేసరికి మఠంబావి దాటి భీముని కొలను లోయ అంచుకు వచ్చాను. అక్కడి నుంచి మెట్లు లోయలోకి దిగుతాయి, ఎదురుగా కైలాసద్వారం వైపు మళ్లీ ఎక్కుతాయి. ఏటవాలు ఎండలో దుమ్ము బంగారు రంగులో తేలుతోంది. దాని మధ్య నుంచి రంగురంగుల మూటల వరుస దిగుతోంది. ఏడాదంతా ఎదురుచూసిన వెలుగు అది.

బటన్ నొక్కాను. లోపలికి వెళ్లింది, తిరిగి రాలేదు. కెమెరా కూడా రాలేదు. అటూ ఇటూ ఊపాను, బొటనవేలితో గట్టిగా నొక్కాను, కదల్లేదు. ఆ వెలుగు అక్కడ పది నిమిషాలకు మించి ఉండదు. టెన్షన్‌తో చేతులు చెమట పట్టాయి. పక్కకు జరిగి ఒక రాయి మీద బ్యాగు దించాను.

రాయచూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన అదే రాయి నీడలో కూర్చుని కాళ్లకు గుడ్డ కట్టుకుంటున్నాడు. కాసేపు నన్ను చూసి, కన్నడం కలిసిన తెలుగులో, "బలవంతం చేయొద్దు స్వామీ, ఇసుక పడింది. నొక్కేకొద్దీ లోపలికి దిగుతుంది" అన్నాడు. ఊళ్లో మోటార్లు రిపేరు చేస్తాడట. క్లిప్‌ను రెండు వైపులా తిప్పి చూసి, "దీన్ని వదిలెయ్, పట్టీకి బిగించిన స్క్రూలు విప్పు" అన్నాడు. వాటి తలల మీద గాడి ఉంది. నా జేబులోని ఐదు రూపాయల బిళ్ల ఆ గాడిలో సరిగ్గా పట్టింది. రెండు స్క్రూలూ ఊడి వచ్చాయి. ఆయన వాటిని తన తువ్వాలు కొసన ముడి వేశాడు. "కిందపడితే ఈ దుమ్ములో దేవుడికి కూడా దొరకవు" అంటూ. క్లిప్ రెండు ముక్కలైంది. కెమెరా, దాని అడుగున ఇరుక్కున్న పైముక్కతో సహా నా చేతికి వచ్చింది. వెలుగు కాస్త తెల్లబడింది కానీ పోలేదు. దక్కినన్ని తీసుకున్నాను.

తర్వాత జరిగింది నేను అనుకోనిది. అడుగున ఆ అల్యూమినియం ముక్క ఉండటంతో కెమెరాను కంటి దగ్గర పట్టుకోవడం ఇబ్బందైంది. నడుము దగ్గర రెండు చేతులతో ఆనించుకుని, స్క్రీన్ పైకి వంచి, కిందికి చూస్తూ తీయడం మొదలుపెట్టాను. భీముని కొలను నుంచి కైలాసద్వారం దాకా మెట్లెక్కడమంతా అలాగే తీశాను. ఆ ఎత్తు నుంచి చూస్తే మెట్టు అంచులు, వాటి మీద పాదాలు, పాదాల పైన వంగిన వీపులు ఒకే ఫ్రేములోకి వస్తాయి. కంటి ఎత్తు నుంచి తీస్తే తలలు, మూటలే వస్తాయి, ఎక్కుతున్న కష్టం కనిపించదు. పైగా కెమెరా ముఖానికి అడ్డం లేకపోవడంతో ఎదురైనవాళ్లు నా కళ్లలోకి చూసి నవ్వి పలకరించారు. 'ఫోటో తీయనా అమ్మా' అని అడిగితే తల ఊపి, పోజు పెట్టకుండా తమ నడక తాము నడిచారు. అప్పటి నుంచి మెట్ల దారుల్లో నేను ఎక్కువగా నడుము ఎత్తు నుంచే తీస్తున్నాను. ఈ క్లిప్ పాడవడం వల్ల నాకు వచ్చిన లాభం అది. పెద్దాయన పైన కైలాసద్వారం దగ్గర మళ్లీ కనిపించి, ముడి విప్పి స్క్రూలు నా అరచేతిలో పెట్టాడు.

శ్రీశైలంలో సత్రం కుళాయి కింద పాత టూత్‌బ్రష్ పెట్టి కడిగితే ఎర్రటి బురద కారింది. స్ప్రింగ్ పక్కన ఆవగింజంత పలుగురాయి ముక్క ఉంది. అది తీశాక బటన్ కదిలింది కానీ స్ప్రింగ్ వంగిపోయింది. తయారుచేసినవాళ్లకు రాస్తే స్ప్రింగ్ విడిగా అమ్మం, కొత్త క్లిప్ కొనుక్కోండి అన్నారు. ఇంత గట్టి అల్యూమినియం వస్తువు గోరంత స్ప్రింగ్ కోసం చెత్తబుట్టలో పడాలా? ఈ విషయంలో వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. చివరికి కర్నూలు పాతబస్తీలో గడియారాలు బాగుచేసే ఆయన బాల్‌పెన్ స్ప్రింగ్ కత్తిరించి అమర్చాడు. బటన్ ముందుకంటే కొంచెం గట్టిగా ఉంది, పని మాత్రం చేస్తోంది. ఇప్పుడు దుమ్ము దారుల్లో క్లిప్ మీద చేతిరుమాలు కట్టుకుని నడుస్తాను, రాత్రి బసలో బ్రష్‌తో దులుపుతాను. కెమెరా అడుగున ప్లేటు స్క్రూ కూడా నడక కుదుపులకు వదులవుతుంటుంది. అదే ఐదు రూపాయల బిళ్లతో రోజూ పొద్దున బిగిస్తాను.

ఇదంతా మా ఎండ ప్రాంతం సంగతి. ఉత్తరాఖండ్‌లో మంచు కాలంలో కేదార్‌కంఠ ఎక్కినప్పుడు వేరే రకం ఇబ్బంది ఎదురైంది. లావు గ్లౌజులతో ఆ బటన్ దొరకదు. చలిగాలిలో రొమ్ము మీద వేలాడే కెమెరాలో బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది, లిథియం బ్యాటరీల గుణమే అది. బ్యాటరీని లోపలి జేబులో పెట్టుకుని, తీసేటప్పుడే వేయాల్సి వచ్చింది. అలాంటప్పుడు క్లిప్ ఇచ్చే వేగం వల్ల ప్రయోజనమేముంది? మంచు ట్రెక్కుల కోసమే అయితే నేను దీన్ని కొనేవాణ్ణి కాదు.

మా ఆవిడ కూడా కొన్నాళ్లు వాడి చూసింది. తన బ్యాగు పట్టీ సన్నం, క్లిప్ అంచు ఎముకకు గుచ్చుకుంటుందని పక్కన పెట్టి నడుముకు చిన్న పౌచ్ కట్టుకుంది. తనకు అదే సుఖంగా ఉంది. కెమెరా తీయడంలో నాకంటే పెద్దగా ఆలస్యం కూడా కాదు. అందుకే ఇది అందరూ కొనాల్సిన వస్తువని అనలేను. నాది చిన్న కెమెరా, ఒకే లెన్స్, మెత్తటి వెడల్పాటి పట్టీలున్న బ్యాగు. నేను నడిచేది ఎక్కువగా జనంతో కలిసి, రాళ్లదారుల్లో. ఈ లెక్కలో నాకు ఇది కావాలి. ఇది పూర్తిగా పోతే మళ్లీ క్లిప్పే కొంటాను, కాకపోతే ఈసారి విడిభాగాలు దొరికేది చూసుకుని, ధర ఎక్కువైనా సరే.

ఉగాది నడక కోసం కొనేవాళ్లు ఒక నెల ముందే తెప్పించుకోండి. బ్యాగులో నడక రోజు ఉండేంత బరువు నింపి, ఆ క్లిప్‌తోనే మా కర్నూలు దగ్గరి జగన్నాథగట్టు లాంటి కొండొకటి ఎక్కి దిగండి. దిగేటప్పుడు పాదం కనిపిస్తోందా, సాయంత్రానికి భుజం లాగుతోందా చూసుకోండి. కాస్త మట్టి చేతులతో బటన్ పదిసార్లు నొక్కి చూడండి. ఒక్కసారి పట్టేసినా వాపసు గడువు దాటకముందే తిప్పి పంపేయండి.