ఏసీ క్లినిక్ చూసి మోసపోయి, ఒంటిగది డాక్టర్ దగ్గర 3 ఏళ్లు

మా గుండుగాడు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పుట్టిన వీధికుక్క పిల్ల, ఇంటికి తెచ్చుకున్నప్పుడు నెలన్నర. హైదరాబాద్ సైనిక్‌పురిలో మాకు దగ్గరగా ఉంది, ఏసీ ఉంది, గోడ నిండా ఫోటోలున్నాయి అని ఒక క్లినిక్‌లో టీకాలు మొదలుపెట్టాం. ఎనిమిదో నెలలో వాడు తిండి మానేసి మూలకి పడుకుంటే అక్కడ రెండు రోజులు జ్వరం ఇంజెక్షన్ పొడిచి పంపారు, రక్తపరీక్ష ఊసే లేదు. మూడో రోజు పొట్ట మీద ఎర్ర మచ్చలు, ముక్కులోంచి రక్తం. టెన్షన్‌తో చచ్చాం.

పక్కింటి ఆంటీ చెబితే ఇప్పటి డాక్టర్ గారి దగ్గరికి పరిగెత్తాం. ఒకే గది, బయట రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఆయన ముందు చెవులు తిప్పి, కాలివేళ్ల సందులు విప్పి చూశారు, నాకు ఒక్కటీ కనపడలేదు గానీ ఆయనకి నాలుగు పిడుదులు దొరికాయి. రక్తం పరీక్షకి పంపితే టిక్ ఫీవర్, అంటే పిడుదులు కుట్టి వచ్చే జ్వరం, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. 28 రోజులు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు రాశారు. వారానికే వాడు గంతులేస్తుంటే నేను మాత్రలు ఆపబోయాను, పైగా పెరుగన్నంలో కలిపి పెడుతున్నానని కూడా తెలిసింది, ఇక చూడండి తిట్లు! పాలు, పెరుగుతో ఇస్తే ఆ మందు ఒంటికి సరిగా పట్టదట.

మాకు ఆయన మీద నమ్మకం కుదిరింది మాత్రం టీకాల కార్డు దగ్గర. పాత కార్డు మీద ఉత్త సంతకాలే. ఈయన ఫ్రిజ్‌లోంచి సీసా తీసి తేదీ చూపిస్తారు, సీసా మీది స్టిక్కర్ కార్డులో అంటిస్తారు. కుక్కపిల్లలకి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసు మధ్య మొదలుపెట్టి 16 వారాలు నిండేదాకా మూడు, నాలుగు వారాలకోసారి పార్వో (వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే వైరస్) టీకా పడాలని, మూడు నెలలకి రేబిస్‌ది వేయించాలని ఆయన చెబితేనే తెలిసింది. కొత్తగా కుక్కని తెచ్చుకునేవాళ్లు ఇంకేం అడక్కపోయినా ఆ స్టిక్కర్ అడగండి.

ఫీజు 400. ఎక్స్‌రే లేదు, ఆపరేషన్లు చేయరు, అలాంటివైతే నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకో రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకో రాసిస్తారు. మాకు రాజేంద్రనగర్ అంటే ఊరి ఆ చివర, ఆటోవాళ్లేమో కుక్కని చూస్తే ఆపరు. ఆదివారం సెలవు. రాత్రి తొమ్మిది దాటితే ఫోన్ ఎత్తరు, ఆ మాట మొదటి రోజే చెప్పేశారు. అందుకని రాత్రంతా తెరిచుండే ఇంకో క్లినిక్ నంబరు ఫ్రిజ్ తలుపు మీద అంటించాం, ఇంతవరకు అవసరం పడలేదు.