ఆటోనగర్‌లో చేయించిన గోడౌను ఫ్రేములు: ఫ్యాబ్రికేషన్ షాపు పనితనంపై ఒక ఇంజినీరు సమీక్ష

గుంటూరు శివార్లలో మిర్చి నిల్వ చేసే ఒక గోడౌనుకు 18 మీటర్ల వెడల్పు ఉక్కు ఫ్రేములు డిజైన్ చేసి, వాటి తయారీని విజయవాడ ఆటోనగర్‌లోని ఈ ఫ్యాబ్రికేషన్ షాపుకు అప్పగించాను. ఇనుప పని అనగానే అందరూ ముందుగా అడిగేది కిలో రేటు. నేను మాత్రం, సంపీడనానికి, అంటే నొక్కుడు బలానికి, లోనయ్యే భాగం పక్కకు ఒరిగిపోకుండా అక్కడివాళ్లు ఎంత జాగ్రత్త తీసుకుంటారో చూసి షాపును అంచనా వేస్తాను. ఆ లెక్కన ఈ షాపు పనితనం నాకు బాగా నచ్చింది. ఒక్క గోడ బ్రేసింగ్ (ఫ్రేముల మధ్య ఏటవాలుగా బిగించే ఆధారం) దగ్గర మాత్రం నిరాశ కలిగింది.

మా రాఫ్టర్లు (పైకప్పును మోసే దూలాలు) మూడు ప్లేట్లను వెల్డ్ చేసి తయారుచేసే ఐ (I) ఆకారపు సెక్షన్లు. ఫ్లాంజి, అంటే ఆ ఐ ఆకారంలో పైనా కిందా ఉండే అడ్డ ప్లేటు, వెడల్పు 150 మిల్లీమీటర్లు, మందం 8. సగం వెడల్పు 75ను మందంతో భాగిస్తే 9.375 వస్తుంది. ఉక్కు కట్టడాల భారతీయ కోడ్ ఐఎస్ 800:2007 ప్రకారం, 250 ఎంపీఏ (మెగాపాస్కల్) బలం గల ఉక్కుతో వెల్డ్ చేసిన సెక్షన్ కాంపాక్ట్ తరగతిలో, అంటే ప్లేటు ముందే నలగకుండా పూర్తి వంపు బలం ఇచ్చే తరగతిలో, నిలవాలంటే ఈ నిష్పత్తి 9.4 దాటకూడదు కనుక, మా లెక్క సరిగ్గా అంచు మీద ఉంది. 8 అని చెప్పి తెచ్చిన ప్లేటు కొలిస్తే 7.5 తేలిందనుకోండి, నిష్పత్తి 10కి చేరి సెక్షన్ సెమీ కాంపాక్ట్‌లోకి జారుతుంది. అప్పుడు ప్లాస్టిక్ సెక్షన్ మాడ్యులస్ వదిలేసి, అంతకంటే తక్కువైన ఎలాస్టిక్ సెక్షన్ మాడ్యులస్‌తోనే వంపు సామర్థ్యాన్ని లెక్కగట్టాలి. అర మిల్లీమీటరు అంత పని చేస్తుంది. ఈ షాపు సూపర్‌వైజరు ప్లేట్లు దించగానే ఒక్కొక్కదాన్నీ నాలుగు మూలలా వెర్నియర్‌తో కొలిచి, చాక్‌పీసుతో ఆ కొలత ప్లేటు మీదే రాయించారు. ఒకదాన్ని నా ఎదుటే పక్కన పెట్టించి, "ఇది మీ ఫ్లాంజికి పనికిరాదు సార్, క్లీట్లకు వాడుకుంటాం" అన్నారు (క్లీట్లంటే భాగాలను కలిపే చిన్న ముక్కలు). డ్రాయింగ్ చదివి, దాని వెనకున్న ఉద్దేశం గ్రహించిన మనిషి మాట అది.

వెల్డింగ్‌లోనూ ఇదే శ్రద్ధ కనిపించింది. వెల్డ్ చల్లారేటప్పుడు దాని పక్క లోహంలో తన్యత (లాగుడు), ప్లేటులో దూరంగా ఉన్న చోట సంపీడనం మిగిలిపోతాయి. బయటి బరువు ఇంకా పడకముందే సెక్షన్ లోపల ఆ ఒత్తిడి ఉంటుంది. కోడ్ పార్శ్వ బక్లింగ్ (దూలం పక్కకు వంగి మెలితిరగడం) లెక్కలో రోల్డ్ సెక్షన్లకు 0.21, వెల్డెడ్ సెక్షన్లకు 0.49 లోప గుణకం (ఇది పెరిగితే లెక్కలో బలం తగ్గుతుంది) పెట్టడానికి ముఖ్య కారణం ఇదే. ఇక్కడ వెల్డర్లు ఒకే వైపు ఏకబిగిన లాగకుండా, అటూ ఇటూ మార్చుతూ ముక్కలు ముక్కలుగా వేశారు. పూర్తయిన రాఫ్టరు పొడవునా నూలు దారం కట్టి చూస్తే ఫ్లాంజి తిన్నగానే ఉంది.

నేను ఎక్కువగా పట్టించుకున్నది ఫ్లై బ్రేసింగ్, అంటే రాఫ్టరు కింది ఫ్లాంజిని పక్కకు పోకుండా పట్టే చిన్న ఆధారాలు. గాలి బరువుల కోడ్ అయిన ఐఎస్ 875 మూడో భాగం విజయవాడకు సెకనుకు 50 మీటర్ల మూల గాలి వేగాన్ని ఇస్తుంది, గుంటూరుకూ నేను అదే తీసుకున్నాను. మామూలు బరువుల కింద రాఫ్టరు మధ్యభాగంలో పై ఫ్లాంజి సంపీడనంలో ఉంటుంది, దాన్ని పర్లిన్లు (రాఫ్టర్ల మీద అడ్డంగా వేసి రేకులు బిగించే సన్నని దూలాలు), రేకులు కలిసి పట్టుకుంటాయి. తుపాను గాలి పైకప్పును ఎత్తినప్పుడు పరిస్థితి తలకిందులై, పట్టుకునే ఆధారమేదీ లేని కింది ఫ్లాంజి సంపీడనంలోకి వచ్చి, రాఫ్టరు పక్కకు వంగుతూ మెలితిరగడానికి చూస్తుంది. కింది ఫ్లాంజి నుంచి పర్లిన్‌కు ఏటవాలుగా బిగించే చిన్న యాంగిలే (ఎల్ ఆకారపు ఉక్కు ముక్క) దానికి అడ్డు. చాలాచోట్ల ఈ ముక్కలను సైటులో చూసుకుందాం అని వదిలేస్తారు, తర్వాత ఎవరూ చూడరు. ఇక్కడ ప్రతి ముక్కకూ నంబరు కొట్టి, రెండు చివర్లా రంధ్రాలు షాపులోనే వేసి పంపారు.

ఇక నిరాశపరిచిన సంగతి. గోడ బ్రేసింగ్ యాంగిళ్లకు నేను చివర రెండేసి బోల్టులు చూపిస్తే, వీళ్ల షాప్ డ్రాయింగ్‌లో ఒక్కటే వచ్చింది. ఎల్ ఆకారంలోని ఒక కాలితోనే, కలుపు ప్లేటు అయిన గస్సెట్‌కు అతికే యాంగిల్‌లో బలం సెక్షన్ కేంద్రం గుండా పోదు, అందుకే కోడ్ దానికి ప్రత్యేకంగా సన్నదనాన్ని కొలిచే తుల్య స్లెండర్‌నెస్ లెక్క ఇచ్చింది. గస్సెట్ బిగువుగా ఉన్నా, బోల్టులు రెండు నుంచి ఒకటికి తగ్గితే ఆ సూత్రంలోని మొదటి గుణకం 0.20 నుంచి 0.75కి పెరుగుతుంది, ఆ మేరకు యాంగిల్ మోయగల బలం పడిపోతుంది. 1907 ఆగస్టు 29న కెనడాలో కడుతుండగానే కూలి 75 మందిని బలిగొన్న క్యూబెక్ వంతెనలో కూడా, సంపీడనంలో ఉన్న కింది దూలాల ప్లేట్లను కలిపే జాలీ కడ్డీలు, వాటి రివెట్లు చాలకపోవడమే ముఖ్య లోపంగా తేలింది. కాబట్టి బోల్టు ఒకటా రెండా అన్నది నాకు చిన్న విషయం కాదు. చెప్పగానే ఒప్పుకుని, అదనపు డబ్బు అడగకుండా గస్సెట్లు మార్చారు. కానీ నేను డ్రాయింగ్ తిరిగి చూడకపోతే అలాగే వచ్చేది.

రేటు మార్కెట్టుకు కాస్త ఎక్కువ. సరుకు చెప్పిన గడువు దాటి వచ్చింది. బరువు తగ్గించడానికి అన్నింటికీ మరింత బలమైన 350 గ్రేడు ఉక్కు వాడదామని యజమాని అడిగితే, సన్నటి పొడవైన భాగాల్లో దానివల్ల పెద్ద లాభం లేదని షాపువాళ్లే చెప్పడం నాకు సంతోషం కలిగించింది. గ్రేడు మారినా ఉక్కు వంగకుండా నిలిచే బిగువును కొలిచే స్థితిస్థాపక గుణకం 2 లక్షల ఎంపీఏ దగ్గరే ఉంటుంది, బక్లింగ్‌ను శాసించేది అదే. ఇక్కడ ఆర్డరిచ్చేవారు చివరి కనెక్షన్లలో బోల్టుల సంఖ్యను కొటేషన్‌లోనే రాయించుకుని, షాప్ డ్రాయింగులు తమ ఇంజినీరు సంతకం చేశాకే ప్లేటు కోయాలని ముందే షరతు పెట్టడం మంచిది.