ఫెర్టిట్టా సెంటర్‌లో కూగర్స్ మ్యాచ్: ఓ పాత స్టూడెంట్ రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తా, 5కి నాలుగున్నర. ఆ అర మార్కు కోసింది టికెట్ రేట్లకి, టీమ్‌కి కాదు. టీమ్ అంటే కూగర్స్, యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ బాస్కెట్‌బాల్ జట్టు; ఫెర్టిట్టా సెంటర్ వాళ్ల హాల్. హ్యూస్టన్ చుట్టుపక్కల షుగర్‌ల్యాండ్, కేటీ, పేర్‌ల్యాండ్ ఎక్కడున్నా సరే, శనివారం వస్తే గుడి, హిల్‌క్రాఫ్ట్‌లో గ్రాసరీ, కాస్ట్‌కో, మళ్లీ ఇల్లు, ఇదే తిరుగుడుగా ఉన్నవాళ్లు నవంబర్ నుంచి మార్చి మొదటి వారం మధ్యలో ఒక్క మ్యాచ్‌కి వెళ్లి చూడండి. బాస్కెట్‌బాల్ రాకపోయినా ఏం పర్లేదు, మా ఆవిడకి కూడా మొదట్లో అసలేం తెలీదు, ఇప్పుడు రెఫరీని నాకంటే ఎక్కువ తిడుతుంది.

నేను యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌కి (యూహెచ్) 2017 ఫాల్‌లో ఎమ్మెస్‌కి వచ్చా. అప్పుడు మా టీమ్‌కి సొంత హాలే లేదు. పాత హాఫ్‌హైంజ్ పెవిలియన్ లోపలంతా పీకేసి కొత్తగా కడుతున్నారు, అందుకని ఆ సీజన్ హోమ్ మ్యాచ్‌లు పక్కనే ఉన్న టెక్సస్ సదరన్ యూనివర్సిటీ జిమ్‌లో ఆడారు. ఆ ఏడాదే నాకు ఈ పిచ్చి అంటుకుంది. 2018 మార్చి, విచిటా, ఎన్‌సీఏఏ (దేశంలోని కాలేజీ జట్ల నాకౌట్ టోర్నమెంట్) సెకండ్ రౌండ్, మిషిగన్ మీద మనం 2 పాయింట్ల లీడ్‌లో ఉన్నాం, 3.6 సెకన్లు మిగిలున్నాయి, మనవాడికి రెండు ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి ఇచ్చే, ఎవరూ అడ్డురాని ఒక్క పాయింటు షాట్లు), రెండూ పోయాయి, అటు నుంచి జోర్డన్ పూల్ అని ఫస్టియర్ కుర్రాడు కాళ్లు బార్లా చాపి గాల్లోంచి ఒక త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) విసిరాడు, పడింది, 64-63, ఇంటికి. రూమ్‌లో నలుగురం ఉన్నాం, వండిన పప్పు అలాగే ఉండిపోయింది, ఎవరూ ముట్టలేదు. ఫ్రీ త్రోల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా దాని దగ్గరికి.

కొత్త హాల్ 2018 డిసెంబర్ 1న ఓపెన్ అయింది, మొదటి మ్యాచ్ ఆరెగాన్ మీద, 65-61 తో గెలిచాం. ఖర్చు 60 మిలియన్ డాలర్లు అన్నారు, అందులో 20 మిలియన్ టిల్మన్ ఫెర్టిట్టా ఇచ్చాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు (రాకెట్స్ ఓనర్, ఆయనే). సీట్లు 7,100. పెద్ద పెద్ద యూనివర్సిటీల హాల్స్‌లో దీనికి రెట్టింపు, కొన్నింట్లో ఇంకా ఎక్కువ పడతాయి. కొంతమందికి ఇది మైనస్, నాకు మాత్రం ఇదే అసలు ప్లస్. ఎందుకంటే పాత బిల్డింగ్ గుంతలోనే కట్టారు కదా, మీరు రోడ్డు లెవెల్లో లోపలికి వస్తే కోర్ట్ కింద కనిపిస్తుంది, చుట్టూ జనం, పైవరసలో కూర్చున్నా ఆట దూరంగా అనిపించదు, అరుపు ఎక్కడికీ పోదు, అక్కడక్కడే తిరుగుతుంది. స్టూడెంట్ సెక్షన్‌ని కేజ్ అంటారు. ఒకళ్లు హూస్ హౌస్ అని అరిస్తే హాలంతా కూగ్స్ హౌస్ అని అరుస్తుంది. ఇంకోటి, అందరూ ఉంగరపు వేలు మడిచి చెయ్యి ఊపుతుంటారు, వింతగా చూడకండి, దానికి ఒక కథ ఉంది. 1953లో టెక్సస్ యూనివర్సిటీతో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తూ మన టీమ్ మస్కట్ షాస్టాని, ఆ రోజుల్లో నిజం కూగరే (పెద్ద అడవి పిల్లి లాంటిది), బోనులో తీసుకెళ్తే తలుపులో పడి దాని కాలి వేలు తెగిపోయిందట. టెక్సస్ వాళ్లు వేలు మడిచి ఎక్కిరించారు. మనవాళ్లు దాన్నే గుర్తుగా పెట్టేసుకున్నారు. వెటకారాన్ని అలా సొంతం చేసుకోవడం నాకు భలే నచ్చుతుంది.

గోడల మీద, పైన వేలాడే బ్యానర్ల మీద ఉన్న పేర్లు ఒకసారి చదవండి, పిల్లలుంటే చూపించండి. ఎల్విన్ హేస్ 44, హకీమ్ ఒలాజువాన్ 34, క్లైడ్ డ్రెక్స్‌లర్ 22. హేస్ అయితే 1968 జనవరిలో ఆస్ట్రోడోమ్‌లో 52 వేల పైచిలుకు జనం ముందు 39 పాయింట్లు కొట్టి యూసీఎల్ఏ 47 మ్యాచ్‌ల విన్నింగ్ స్ట్రీక్ ఆపేశాడు, 71-69. కాలేజీ బాస్కెట్‌బాల్‌ని దేశమంతా ప్రైమ్ టైమ్‌లో చూసిన మొదటి రెగ్యులర్ సీజన్ మ్యాచ్ అదే. ఇంత చరిత్ర ఉండి కూడా టైటిల్ మాత్రం ఒక్కటీ లేదు. 1983 ఫైనల్‌లో నార్త్ కెరొలినా స్టేట్ చేతిలో చివరి సెకండ్లో డంక్‌తో (ఎగిరి బంతిని రింగ్‌లోకి కుక్కడం) 54-52. 84లో జార్జ్‌టౌన్ చేతిలో. ఆ తర్వాత ఎంత చీకటో, 2014లో కెల్విన్ శాంప్సన్ కోచ్‌గా వచ్చేదాకా.

ఇప్పుడు అసలు పాయింట్. ఈ టీమ్‌ని టీవీలో చూడకూడదు. నిజంగా చెప్తున్నా. టీవీలో హ్యూస్టన్ ఆట బోర్ అని నా డ్యూక్ ఫ్యాన్ కొలీగ్ అంటాడు, స్కోర్ 60 దాటదు, ఎప్పుడూ కింద పడి దొర్లుతుంటారు అని. టీవీలో కెమెరా బంతి వెనకాల వెళ్తుంది, మన ఆట బంతి దగ్గర ఉండదు. హాల్‌లో పైనుంచి చూడండి. అవతలి టీమ్‌లో బంతి నడిపే గార్డ్, తన సహచరుడు అడ్డుగా నిలబడితే (దాన్నే స్క్రీన్ అంటారు) ఆ చాటున బయటికి రాగానే మనవాళ్లు ఇద్దరు మీదకి దూకేస్తారు, మిగతా ముగ్గురు నలుగురిని కాయాలి, ఎవరు ఎటు జరగాలో అంతా అరుచుకుంటూ జరుగుతారు, కబడ్డీలో రెయిడర్ బోనస్ లైన్ దగ్గరికి రాగానే చైన్ పట్టుకున్న డిఫెండర్లు అర్ధచంద్రంలా ముడుచుకుంటారు చూడండి, అచ్చం అదే. షాట్ క్లాక్ (ఆలోపు షాట్ వెయ్యాల్సిన టైమ్) 30 సెకన్లే, అందులో 20 సెకన్లు అవతలివాడికి ఏం చెయ్యాలో తెలీదు. షాట్ క్లాక్ 5కి వచ్చేసరికి జనం లేచి నిలబడతారు. గోల్ కొట్టినప్పుడు కాదు, అవతలివాడు కొట్టలేనప్పుడు ఇంత గోల చేసే జనాన్ని నేను ఇంకెక్కడా చూళ్లేదు.

రీబౌండ్ (మిస్సయిన షాట్ బంతిని అందుకోవడం) కూడా అంతే. శాంప్సన్ ప్రాక్టీస్‌లో రింగ్ మీద మూత పెట్టిస్తాడు, బంతి లోపలికి పోదు, ప్రతి షాటూ మిస్సే, ఎగబడి తెచ్చుకోవాల్సిందే. కాబట్టి మనవాడు షాట్ మిస్ చేస్తే నిట్టూర్చకండి, అప్పుడే చూడాలి.

2024-25 సీజన్ సంగతి. మొదట్లో ఆబర్న్, అలబామా, శాన్ డియాగో స్టేట్, మూడు పెద్ద మ్యాచ్‌లు పోయాయి, అందులో రెండు ఓవర్‌టైమ్‌లో (స్కోరు సమమైతే ఆడే అదనపు సమయం). వాట్సాప్ గ్రూప్‌లో మావాళ్లు అప్పుడే చేతులెత్తేశారు. తర్వాత మన లీగ్ బిగ్ 12లో 20 మ్యాచ్‌లకి 19 గెలిచారు. పోయిన ఆ ఒక్కటి ఇదే హాల్‌లో, ఫిబ్రవరి 1, టెక్సస్ టెక్. నేనున్నా. ఇప్పుడు డాలస్ సైడ్ ఉంటున్నా కాబట్టి ఐ-45 మీద నాలుగు గంటల డ్రైవ్ చేసుకుని మరీ వచ్చా. ఆట మొదలైన నాలుగు నిమిషాల్లోపే వాళ్ల బెస్ట్ ప్లేయర్ టాపిన్‌ని ఫ్లాగ్రెంట్ (మరీ మోటు) ఫౌల్‌కి బయటికి పంపారు, వాళ్ల కోచ్‌ని కూడా పంపించేశారు, ఇంకేముంది అయిపోయింది అని పక్కనాయన నాచోస్ తెచ్చుకోడానికి వెళ్లాడు. అయిపోలేదు. ఓవర్‌టైమ్‌కి వెళ్లి 82-81 తో వాళ్లే గెలిచారు, వరసగా 33 హోమ్ మ్యాచ్‌లు గెలిచిన రికార్డ్ అక్కడితో ఆగింది. బయటికి వచ్చేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు గానీ, అంత మంచి మ్యాచ్ డబ్బులిచ్చి నేను ఎప్పుడూ చూళ్లేదు, ఓడిపోయినా సరే. అదే నెల 24న లబక్ వెళ్లి వాళ్ల హాల్‌లో వాళ్లని కొట్టొచ్చారు, 69-61, లెక్క సరిపోయింది.

ఫిబ్రవరి 1 మ్యాచ్‌కి వారం ముందు కాన్సస్‌లో ఆడిన డబుల్ ఓవర్‌టైమ్ మ్యాచ్, 92-86 తో గెలిచాం చూడండి, అది ఇంట్లో కూర్చుని ఒక స్ట్రీమింగ్ యాప్‌లో చూశా. మైలిక్ విల్సన్ త్రీ కొట్టి సెకండ్ ఓవర్‌టైమ్‌కి తీసుకెళ్లాడని నాకు ముందు ఫ్రెండ్ మెసేజ్ వచ్చింది, ఆ తర్వాత నా స్క్రీన్ మీద చుక్కలు తిరగడం ఆగి షాట్ కనిపించింది. నెలనెలా డబ్బులు కట్టేది ఇందుకా. పేరు చెప్పను, వాడేవాళ్లకి తెలుసు.

టికెట్ల గురించి. ప్రస్తుతం యూహెచ్‌లో చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు రెగ్యులర్ సీజన్ హోమ్ మ్యాచ్‌లు ఫ్రీ, మీ ఫీజులోనే ఉంది ఆ డబ్బు, అది వదిలేసి రూమ్‌లో పడుకుంటే మీ ఇష్టం. మాలాంటి పాత కాపులకే కష్టం. 7,100 సీట్లలో సీజన్ టికెట్ల వాళ్లు, స్టూడెంట్లు పోగా మిగిలేవి తక్కువ, టీమ్ గెలిచేకొద్దీ రేటు పెరుగుతుంది. రీసేల్‌లో కొంటే లాస్ట్ పేజీ దాకా వెళ్లి ఫీజులతో కలిపి ఎంతో చూసుకుని నొక్కండి, నేను వాడిన యాప్‌లో మొదటి పేజీ రేటుకీ చివరి పేజీ రేటుకీ అసలు చుట్టరికమే లేదు. కొత్తగా వెళ్లేవాళ్లకి నా సలహా, కాన్సస్, అరిజోనా, టెక్సస్ టెక్ లాంటి మ్యాచ్‌ల జోలికి పోకండి. నవంబర్, డిసెంబర్‌లో చిన్న యూనివర్సిటీలతో ఆడేవి చూసుకోండి, 2024-25లో జాక్సన్ స్టేట్‌తో మొదటి మ్యాచ్ 97-40 అలాంటిదే, ఉత్కంఠ ఉండదు గానీ కోర్ట్‌కి దగ్గరగా కూర్చోవచ్చు, పిల్లల్ని తీసుకెళ్లొచ్చు, డిఫెన్స్ అంటే ఏంటో నేర్చుకోవచ్చు. కాలేజీ మ్యాచ్ 20 నిమిషాల హాఫ్‌లు రెండు, అన్నీ కలిపి రెండు గంటలు పైన పడుతుంది, పిల్లలు తట్టుకుంటారు.

కారుకంటే ట్రెయిన్ బెటర్. డౌన్‌టౌన్‌లో ఎక్కడో పార్క్ చేసి మెట్రో పర్పుల్ లైన్ ఎక్కితే డాలరు పావలా, స్కాట్ స్ట్రీట్ మీద క్యాంపస్ దగ్గర దిగి నడిచి వెళ్లిపోవచ్చు. బ్యాగ్ పారదర్శకంగా ఉండాలి, మామూలు హ్యాండ్‌బ్యాగ్ తెస్తే గేట్ దగ్గర ఇబ్బంది. ఫుడ్ గురించి రాయడానికి ఏం లేదు, అమెరికా స్టేడియం ఫుడ్ ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది, వెజ్ వాళ్లకి పాప్‌కార్న్, ప్రెట్జెల్, నాచోస్. ముందే తినేసి వెళ్లండి, లేదా తర్వాత హిల్‌క్రాఫ్ట్‌లో చూసుకోండి.

ఆ 2024-25 సీజన్ ఎలా అయిందో అందరికీ తెలుసు. ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో పర్డ్యూ మీద చివరి సెకండ్లో మన ఊజన్ లేఅప్ (రింగ్ దగ్గరి నుంచి వేసే షాట్), 62-60. టెనెస్సీని 50కి ఆపేశారు. శాన్ ఆంటోనియోలో ఫైనల్ ఫోర్ (సెమీఫైనల్), డ్యూక్ మీద 14 పాయింట్లు వెనకబడి ఉన్నాం, 35 సెకన్లు ఉండగా కూడా ఇంకా 6 వెనకే. ఎలా వచ్చారో ఇప్పటికీ నాకు అర్థం కాదు. 19.6 సెకన్లు ఉండగా జే'వాన్ రాబర్ట్స్‌కి రెండు ఫ్రీ త్రోలు. ఆరేళ్లుగా ఇక్కడే ఉన్నాడు, ఫ్రీ త్రో అంటేనే మాకు భయం పుట్టించిన మనిషి, నాకైతే సరిగ్గా విచిటానే కళ్లముందు తిరిగింది. రెండూ వేశాడు. 70-67. మా కొలీగ్ సోమవారం ఆఫీసుకి రాలేదు, వర్క్ ఫ్రమ్ హోమ్ అన్నాడు.

ఫైనల్ ఫ్లోరిడా మీద, ఏప్రిల్ 7. 12 పాయింట్ల లీడ్ కరిగిపోయింది, చివర్లో మన ఇమాన్యుయెల్ షార్ప్ షాట్‌కి లేచి, ఫ్లోరిడా ప్లేయర్ వాల్టర్ క్లేటన్ మీదకి రావడంతో బంతి వదిలేసి, మళ్లీ ముట్టుకుంటే ట్రావెలింగ్ తప్పు అవుతుందని అలా చూస్తూ ఉండిపోయాడు. 65-63. 35 గెలుపులు, 5 ఓటములు, టైటిల్ ఇంకా సున్నాయే. అల్యూమ్నీ గ్రూప్‌లో ఆ రాత్రి అతన్ని తిట్టినవాళ్ల మీద నాకు చాలా కోపం వచ్చింది, సగం మంది సీజన్ మొత్తంలో చూసింది ఆ ఒక్క మ్యాచే.

షార్ప్ తర్వాత ఏడాదికి, అంటే 2025-26కి కూడా ఉండిపోయాడు. ఆ సీజన్‌లో ఫెర్టిట్టాలో స్టార్టింగ్ ఫైవ్‌ని పిలిచేటప్పుడు ఎక్కువ అరుపు ఎవరికి వచ్చేదో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. బేస్‌లైన్ (రింగ్ వైపు గీత) వెనక సీట్లు వద్దు, రెండో వైపు ఏం జరుగుతుందో తెలీదు, సైడ్‌లైన్ వైపు కాస్త పైన, 10 వరసలు దాటాక ఎక్కడ దొరికినా తీసుకోండి. ఎర్ర టీషర్ట్ వేసుకెళ్లండి. బర్న్ట్ ఆరెంజ్ (టెక్సస్ యూనివర్సిటీ రంగు) మాత్రం వద్దు, పక్కవాళ్లు ఏమీ అనరు గానీ చూసే చూపు బాగోదు.