కరోనా తర్వాత హైదరాబాద్ మెట్రో, సిటీ బస్సు, ఎంఎంటీఎస్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

మూడింటినీ కరోనాకు ముందు నుంచీ వాడుతున్నాను కాబట్టి తీర్పు ముందే చెప్పేస్తాను. ఆఫీసు టైముకు చేరాలంటే మెట్రోను నమ్ముకోవచ్చు, కాకపోతే మధ్యరకం దూరాలకు ఖర్చెక్కువ. సిటీ బస్సు మంచిదా కాదా అన్నది పూర్తిగా రూటును బట్టి ఉంటుంది. నగరంలో తిరిగే లోకల్ రైలు ఎంఎంటీఎస్ మాత్రం టైంటేబుల్ చూసుకుని ఇంట్లోంచి బయల్దేరగలిగిన వాళ్లకే పనికొస్తుంది. ఈ తేడా జనం భయం వల్ల వచ్చిందని చాలామంది అంటారు. నేనలా అనుకోను. ఏ బండి ఎన్నాళ్లు ఆగిపోయింది, తిరిగి వచ్చినప్పుడు ఎన్ని ట్రిప్పులతో వచ్చింది అన్నదే అసలు తేడా తెచ్చింది.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూతో మూడూ ఆగాయి. మెట్రో సెప్టెంబరు 7న తిరిగి మొదలైంది. ముందు మియాపూర్–ఎల్బీ నగర్ లైను, మర్నాడు నాగోల్–రాయదుర్గం, 9వ తేదీ నుంచి జేబీఎస్–ఎంజీబీఎస్. మొదట్లో ఉదయం 7 నుంచి 12 వరకు, సాయంత్రం 4 నుంచి 9 వరకే నడిపారు. కంటైన్‌మెంట్ ప్రాంతాలని గాంధీ ఆసుపత్రి, భరత్‌నగర్, మూసాపేట, ముషీరాబాద్, యూసఫ్‌గూడ స్టేషన్లలో రైలు ఆపలేదు. అయినా తిరిగిన గంటల్లో రైలు వెంట రైలు వచ్చేది. సిటీ బస్సులు సెప్టెంబరు 25న వచ్చాయి గానీ వచ్చినవి నాలుగో వంతే. 2019 సమ్మె తర్వాత నగరంలో ఎలాగూ బస్సులు తగ్గించి ఉన్నారు, దాని మీద ఈ కోత. ఇక ఎంఎంటీఎస్ పట్టాలెక్కింది 2021 జూన్ 23న, అదీ 10 సర్వీసులతో. పదిహేను నెలలు రైలు లేకపోతే రోజూ దాని మీద ఆధారపడిన మనిషి ఊరికే కూర్చోడు. సెకండ్ హ్యాండ్ బండి కొంటాడు, లేదా ఇల్లు మారతాడు. అలా కిస్తీల మీద బండి కొన్నవాళ్లు రైలు వచ్చిందని దాన్ని అమ్మేసి వెనక్కి రారు.

గాలి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ అందరి అంచనా తలకిందులైంది. ఏసీ, శుభ్రం, సీటు విడిచి సీటు స్టిక్కర్లు, గేటు దగ్గర జ్వరం చూసే తుపాకీ, ఇవన్నీ ఉన్నాయని మెట్రో భద్రమనీ, సిటీ బస్సు ప్రమాదమనీ అనుకున్నారు. కానీ ఈ జబ్బు ఎక్కువగా పాకింది గాలి ద్వారా. కిటికీలన్నీ తీసి కదులుతున్న ఆర్డినరీ బస్సులో గాలి నిమిషాల్లో మారిపోతుంది. మూసి ఉన్న ఏసీ పెట్టెలో అదే గాలిలో చాలా భాగం మళ్లీ మళ్లీ తిరుగుతుంది. అందుకే 2020 మార్గదర్శకాల్లో మెట్రోలకు బయటి గాలిని వీలైనంత ఎక్కువగా లోపలికి తీసుకోమన్నారు. మన మెట్రోకు కలిసొచ్చింది ఏమిటంటే, స్టేషన్లు సుమారు కిలోమీటరుకు ఒకటి ఉండటం, ప్రతిచోటా తలుపులు తెరుచుకోవడం. బస్సుకు రెండు చోట్ల దెబ్బ పడుతుంది: వాన పడి కిటికీలు దించేసినప్పుడు, సిగ్నల్ దగ్గర కిక్కిరిసి ఆగిపోయినప్పుడు. ఫ్లూ సీజన్‌లో ఇప్పటికీ ఈ లెక్కే పనిచేస్తుంది. ఏసీలో గుంపు ఉంటే మాస్కు పెట్టుకోండి, ఖాళీ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే అక్కర్లేదు. రెయిలింగులు తుడవడం కంటే ఇదే ముఖ్యం.

ఇక మెట్రో వాడకం. వారంలో రెండు మూడు రోజులే ఆఫీసు అనే పద్ధతి వచ్చాక రద్దీ అన్ని రోజులూ ఒకేలా లేదు. మంగళ, బుధ, గురువారాల్లో ఉదయం ఎనిమిదిన్నర నుంచి పది వరకు అమీర్‌పేటలో రాయదుర్గం వైపు లైను మారడమే పెద్ద పని. మూడు పెట్టెల రైలు కాబట్టి మొదటిది వదిలేసి రెండోది ఎక్కాల్సి రావచ్చు. ఆ పదినిమిషాలు ముందే కలుపుకుని బయల్దేరాలి. ఏ రోజు వెళ్లాలో ఎంచుకునే వీలుంటే సోమవారమో శుక్రవారమో పెట్టుకోండి, తేడా స్పష్టంగా తెలుస్తుంది. సాయంత్రం తిరుగు ప్రయాణంలో హైటెక్ సిటీలో ఎక్కేకంటే, ఆఫీసు హైటెక్ సిటీ, రాయదుర్గం స్టేషన్ల మధ్య ఎక్కడున్నా సరే, రాయదుర్గం దాకా నడవడం మేలు. రైలు అక్కడే మొదలవుతుంది, సీటు దొరుకుతుంది. క్యూఆర్ టికెట్ గేటు దగ్గరికి వచ్చాక వెతక్కండి. స్క్రీన్ వెలుతురు తక్కువగా ఉంటే స్కానర్ పట్టదు, వెనక వరుస ఆగిపోతుంది. స్టేషన్ మెట్లు ఎక్కుతుండగానే వెలుతురు పెంచి ఉంచుకోవాలి.

ఖర్చు దగ్గర నాకు అసంతృప్తి ఉంది. 2025 మే 24 నుంచి అమలైన ధరల్లో కనీసం 11, గరిష్ఠం 69 రూపాయలు. నాగోల్ నుంచి రాయదుర్గం సుమారు 28 కిలోమీటర్లు, 69 రూపాయలు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే స్కూటరుకు, పెట్రోలు 107 రూపాయలు అనుకుంటే, అదే దూరానికి 67 అవుతుంది. సమానమే, పైగా ట్రాఫిక్ బాధ లేదు కాబట్టి మెట్రోదే గెలుపు. కానీ పది కిలోమీటర్లకు మెట్రో 47, స్కూటరు 24. దానికి తోడు ఇంటి నుంచి స్టేషన్‌కు షేర్ ఆటో, దిగాక ఇంకో ఆటో. 2020లో బండి కొన్న మనిషిని మళ్లీ మెట్రో ఎక్కించలేకపోతున్నది ఈ మధ్యరకం దూరమే. 2024లో నాగోల్, మియాపూర్‌లలో పార్కింగ్‌కు కూడా డబ్బు పెట్టారు. బండి స్టేషన్‌లో వదిలి రైలెక్కే అలవాటు అప్పుడప్పుడే కుదురుకుంటున్న సమయంలో అది సరైన పని కాదని నా గట్టి నమ్మకం.

బస్ పాస్ లెక్క కూడా మారింది. మెట్రో ఎక్స్‌ప్రెస్ (ఇది మెట్రో రైలు కాదు, సిటీ బస్సుల్లో ఒక రకం) నెల పాస్ 2025 జూన్ నుంచి 1,600 రూపాయలు. రానూపోనూ టికెట్‌కు 80 అవుతుందనుకుంటే 20 రోజులు తిరిగితేనే పాస్ డబ్బు తిరిగొస్తుంది. నెలకు 12 రోజులు వెళ్లేవాళ్లకు విడి టికెట్లయితే 960తో సరిపోతుంది. పాస్ ఉన్నప్పుడు మార్కెట్‌కో చుట్టాలింటికో కూడా బస్సే ఎక్కేవాళ్లం. పాస్ తీసుకోవడం మానేశాక ఆ చిన్న ప్రయాణాలన్నీ బైక్ టాక్సీకి వెళ్లిపోయాయి. ఇంటి నుంచి పని చేయడం బస్సుకు చేసిన పెద్ద నష్టం ఇదే. వారానికి కొన్ని రోజులు వచ్చేవాళ్ల కోసం పది, పన్నెండు రోజుల పాస్ ఉండాలి.

బస్సుల్లో జనాన్ని తిరిగి నింపింది 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం. నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ రెండింట్లోనూ మహిళలకు ఉచితం. తెలంగాణ చిరునామా ఉన్న అసలు గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ (డబ్బు కట్టనక్కర్లేని టికెట్) తప్పకుండా తీసుకోవాలి. ఇళ్లలో పనిచేసేవాళ్లకు, దుకాణాల్లో ఉద్యోగాలు చేసేవాళ్లకు దీని విలువ మాటల్లో చెప్పలేం. కరోనాలో షేర్ ఆటోలకు పోసిన డబ్బు ఇప్పుడు ఇంట్లో మిగులుతోంది. ఎక్కేవాళ్లు పెరిగినంతగా బస్సులు పెరగలేదు, అందుకే ఉదయం ఫుట్‌బోర్డు మీద కూడా చోటుండదు. ఆర్టీసీ వాళ్ల గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో చూడొచ్చు. పెద్ద రూట్లలో ఉపయోగమే, లోపలి కాలనీల రూట్లలో దాన్ని ఒక్కదాన్నే నమ్మి ఆలస్యంగా బయల్దేరవద్దు.

ఎంఎంటీఎస్ టికెట్ 5 రూపాయల నుంచి మొదలవుతుంది, డబ్బిచ్చి ఎక్కేవాటిలో నగరంలో ఇంత చవక ప్రయాణం ఇంకోటి లేదు. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్, ఉందానగర్ వైపు కూడా పొడిగించారు. లోపమల్లా రెండు రైళ్ల మధ్య ఎడమే. ఒకటి తప్పితే తర్వాతది ఎప్పుడో చూసుకుని అవసరమైతే వెంటనే వేరే దారి పట్టాలి. అందుకు బేగంపేట, ఖైరతాబాద్, లక్డీకాపూల్, నాంపల్లి, మలక్‌పేట, భరత్‌నగర్ బాగుంటాయి, దగ్గర్లోనే మెట్రో ఉంటుంది. మొబైల్ టికెట్ స్టేషన్ బయటే కొనండి, పట్టాల దగ్గరికి వచ్చాక యాప్ ఒప్పుకోకపోవచ్చు. కొత్తవాళ్లు తరచూ చిక్కుకునేది హైటెక్ సిటీ దగ్గర. ఎంఎంటీఎస్ హైటెక్ సిటీ, మెట్రో హైటెక్ సిటీ పేరుకే ఒకటి, ఒకదాని నుంచి ఇంకోదానికి ఆటో ఎక్కాల్సిందే. ఆ ఆటో డబ్బులు కలిపితే 5 రూపాయల టికెట్ లాభం అక్కడితో సరి.