కుక్కకా, పిల్లికా: రక్తం ఎక్కించడంలో ఎవరితో టెన్షన్ ఎక్కువ?

కుక్క విషయంలో కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. కుక్కల్లో ముఖ్యమైన రక్త గ్రూపు డీఈఏ 1 దాతతో కలవకపోయినా, దానికి వ్యతిరేకంగా పుట్టుకతో బలమైన యాంటీబాడీలు ఉండవు కాబట్టి మొదటిసారి సాధారణంగా తట్టుకుంటుంది. పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌తో రక్తం బాగా పడిపోయిన కుక్కలు ఇలాగే గట్టెక్కుతుంటాయి. మొదటిసారి తర్వాత యాంటీబాడీలు పుట్టొచ్చు కాబట్టి, రెండోసారికి మాత్రం క్రాస్‌మ్యాచ్ (ఇద్దరి రక్తం సరిపోతుందో లేదో చూసే టెస్టు) చేయించాల్సిందే.

పిల్లితో ఆ వెసులుబాటు లేదు. ఏ, బీ, ఏబీ గ్రూపుల్లో, బీ పిల్లి ఒంట్లో ఏ రక్తాన్ని నాశనం చేసే యాంటీబాడీలు ముందే ఉంటాయి. ఒక్క మిల్లీలీటరు వెళ్లినా ప్రాణం మీదికి రావచ్చు. "నాటు పిల్లే కదా, ఏ గ్రూపే అయ్యుంటుంది" అనుకుని టెస్టు మానేయడం జూదమే.

దాత దొరకడమూ పిల్లికే కష్టం. 25 కిలోలు దాటిన కుక్క సుమారు 450 మిల్లీలీటర్లు ఇస్తుంది, అదీ చాలాసార్లు మెలకువగానే. పిల్లి ఇచ్చేది 50 దాకా. దానికీ ఎక్కువగా మత్తు ఇవ్వాలి.